ఎవరి వాకిట్లో కూర్చుని రాశాం?

మేము ఆరో తరగతి చదివే రోజుల్లో, వానాకాలం చివర, మా గూడేనికి ఒక జీపు వచ్చింది. ముగ్గురు దిగారు. చేతుల్లో అట్టలు, అట్టల మీద క్లిప్పు పెట్టిన అచ్చు కాగితాలు. పటేల్ వాకిట్లో వాళ్ళకు మంచం వాల్చారు, చాయ్ ఇచ్చారు. ఆ తర్వాత వాళ్ళలో చిన్నవాడు మా ఇంటికి వచ్చాడు. ఇంట్లో నాయనమ్మ ఒక్కతే ఉంది. ఆమెకు తెలుగు అంతంత మాత్రమే వచ్చు కాబట్టి మమ్మల్ని మధ్యలో నిలబెట్టారు.

“నెలకు ఆదాయం ఎంత?” అన్నాడు. ఆ మాటను గోండిలోకి మార్చాలని చూశాం, కుదరలేదు. నెల అనేది జీతగాళ్ళకు ఉంటుంది. మాకు జొన్న కోతకొచ్చినప్పుడు, ఇప్పపువ్వు రాలినప్పుడు, పత్తి అమ్మినప్పుడు ఇంట్లోకి ఏదో వస్తుంది. జ్వరాల కాలంలో, పెళ్ళిళ్ళ కాలంలో అది పోతుంది. నాయనమ్మ ఆ సంగతే చెప్పింది. ఆయన కాసేపు ఆమె మొహం చూసి, కాగితం మీద ఒక అంకె వేశాడు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో మాకు ఇప్పటికీ తెలియదు. ఇంట్లో ఎన్ని గిన్నెలున్నాయి, ఎన్ని పూటలు తింటారు, ఎవరు చనిపోయారు, తాగుడు ఉందా అని వరసగా అడిగాడు. అన్నీ అయ్యాక నాయనమ్మ ఆయన్ను అడిగింది: “మీ ఊళ్ళ వానలు పడ్డయా బిడ్డా? నీకు పిల్లలెందరు?” ఆయన నవ్వి, కాగితాలు సర్దుకుని పక్కింటికి వెళ్ళాడు.

ఆ రాత్రి నాయనమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఒకటే మాట అంది. “మనింట్ల గిన్నెలు లెక్క పెట్టిండు. వాళ్ళ ఊరి పేరు చెప్పలే.”

చాలా ఏళ్ళ తర్వాత ఉపాధ్యాయ శిక్షణలో చేరాక, ఆ వచ్చినవాళ్ళు చేసిన పనికి ఒక శాస్త్రం ఉందని తెలిసింది. దాని పేరు సమాజశాస్త్రం. మన పిల్లలు దీన్ని బడిలో చెప్పే సాంఘికశాస్త్రంతో కలిపేస్తారు. బడిలోది చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం కలిసిన ముద్ద. సమాజశాస్త్రం వేరు. మనుషులు కలిసి బతికేటప్పుడు వాళ్ళ మధ్య ఏర్పడే ఏర్పాట్లను అది చూస్తుంది. ఎవరు ఎవరిని పెళ్ళాడవచ్చు, ఎవరి మాట పంచాయితీలో చెల్లుతుంది, నీళ్ళు ఎవరు ముందు పట్టుకుంటారు, భూమి ఎవరి పేరున ఉంటుంది, ఈ ఏర్పాటు నిన్న ఎలా ఉండేది, ఇవాళ ఎందుకు మారింది అని అడుగుతుంది. కుటుంబం నుంచి రాజ్యం దాకా అన్నీ దాని పరిధిలోకి వస్తాయి. ఫ్రాన్సు దేశపు ఆగస్ట్ కామ్టే 1830ల చివర్లో దానికి పేరు పెట్టాడు. అదే దేశంలో ఎమిల్ దర్ఖైమ్ 1897లో ఆత్మహత్యల మీద ఒక పుస్తకం రాశాడు. ప్రాణం తీసుకోవడం కన్నా సొంత విషయం మనిషికి ఇంకేముంటుంది? అయినా ఏ దేశంలో ఎంతమంది అలా పోతున్నారో ఏటేటా లెక్క చూస్తే ఆ సంఖ్య పెద్దగా మారడం లేదని, మనుషుల మధ్య బంధం ఎంత గట్టిగా ఉంది, ఎంత వదులైంది అన్నదానితో దానికి సంబంధం ఉందని ఆయన చూపాడు. పత్తి రైతులు పురుగుమందు తాగిన వార్తలు విన్న మన జిల్లాల వాళ్ళకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. “వాడు పిరికివాడు, తాగుబోతు” అని ఒక్క మాటతో తేల్చేసే నోటిని ఈ శాస్త్రం ఆపుతుంది. అప్పు ఎవరిచ్చారు, విత్తనం ఎవరు అమ్మారు, పట్టా ఎవరి పేరున ఉంది అని అడగమంటుంది.

మా ఉద్యోగంలో దీని అవసరం మాకు తెలిసింది ఒక హాజరు పట్టీ వల్ల. కొత్తగా బడికి వచ్చిన రోజుల్లో, పిల్లలు రాకపోతే తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదని మేమూ అనేవాళ్ళం. ఆదివాసీలమై ఉండి కూడా అన్నాం. ఒక ఏడాది ఊరికే హాజరు పట్టీ ముందేసుకుని నెలవారీగా చూశాం. దసరా తర్వాత మొదలై సంక్రాంతి దాకా పెద్ద తరగతుల ఆడపిల్లల గడుల్లో సున్నాలే సున్నాలు. అది పత్తి ఏరే కాలం. తల్లి చేనుకు పోతే చంటిపిల్లను ఎవరు చూడాలి? మగపిల్లల గడుల్లో అన్ని సున్నాలు లేవు. విలువ తెలియకపోవడం అయితే ఇద్దరి గడులూ ఒకేలా ఉండాలి కదా! ఆ పట్టీ చూశాక మా నోటి నుంచి ఆ మాట మళ్ళీ రాలేదు. ఇది చిన్న లెక్కే, ఏ విశ్వవిద్యాలయమూ అక్కర్లేని లెక్క. కానీ తప్పు మనిషి నుంచి ఏర్పాటు మీదికి జరిగింది. మాకు సంబంధించినంతవరకు సమాజశాస్త్రం ఇదే.

మరి పల్లెను ఆ శాస్త్రం ఎలా చదువుతుంది? ప్రశ్నావళి పట్టుకుని ఇంటింటికీ తిరగడం ఒక పద్ధతి. నాయనమ్మ చూసింది దాన్నే. ఊళ్ళోనే కాపురముండి, వాళ్ళతో తిని, వాళ్ళ భాష నేర్చుకుని, పండుగకూ చావుకూ పక్కన నిలబడి రాయడం ఇంకో పద్ధతి. దీన్ని సహభాగి పరిశీలన అంటారు. రెండూ కావాలి. ఎంతమంది అన్నది మొదటిది చెబుతుంది, ఎందుకు అన్నది రెండోదానికే దొరుకుతుంది. రెండింటికంటే ముందు మన దేశంలో ఇంకో పద్ధతి నడిచింది. దాన్ని మనం మరచిపోకూడదు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద 1909లో ఏడు సంపుటాలు అచ్చు వేయించాడు. మనుషుల తలల చుట్టుకొలతలు, ముక్కుల పొడవు వెడల్పులు కొలిపించి రాసిన కాలం అది. ఇంతకు ముందే 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. ఆ చట్టం కింద ఎరుకల వంటి తెగల్లో పుట్టిన బిడ్డ పుట్టుకతోనే పోలీసు రిజిస్టరులోకి ఎక్కాడు. 1952 దాకా ఆ చట్టం రద్దు కాలేదు. మనుషుల గురించి రాసిన పుస్తకం బీరువాలో ఊరికే పడి ఉండదు. అది రిజిస్టరు అవుతుంది, రిజిస్టరు సంకెళ్ళు అవుతుంది. నాయనమ్మకు ఈ చరిత్ర తెలియదు. అయినా కాగితం పట్టుకుని వచ్చినవాడి ఊరి పేరు ముందు తెలియాలని ఆమెకు తెలుసు.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన దేశపు పండితులే పల్లెల్లోకి వెళ్ళారు. అప్పటికి పల్లె గురించి రెండు మాటలు బలంగా ఉన్నాయి. పల్లెలు చిన్న చిన్న గణతంత్రాలు, ఎవరి మీదా ఆధారపడవు అని 1830లో మెట్కాఫ్ అనే ఆంగ్లేయ అధికారి రాశాడు. గాంధీజీ గ్రామంలోనే స్వరాజ్యాన్ని చూశారు. రాజ్యాంగ సభలో 1948 నవంబరులో అంబేద్కర్ లేచి దీనికి పూర్తిగా ఎదురు చెప్పారు. పల్లె అంటే సంకుచితత్వం, అజ్ఞానం, కులం అని, దాన్ని చూసి మురిసిపోవడానికి ఏమీ లేదని ఆయన భావం. ఇద్దరిలో ఎవరు నిజం? మా మట్టుకు మాకు అనిపించేది ఇది: ఊరి నడుమ ఇంట్లోంచి చూసినవాడికి ఒకటి కనిపిస్తుంది, ఊరి చివర వాడలోంచి చూసినవాడికి ఇంకొకటి కనిపిస్తుంది.

ఈ మాట మేము గాలిలోంచి తేలేదు. మైసూరు ప్రాంతంలో రామపుర అని పేరు మార్చి రాసిన ఒక ఊళ్ళో ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో ఉన్నారు. ఊరి పెద్ద ఆయనకు చోటిచ్చాడు. ఊరిని తాను ఎక్కువగా పెద్దకులాల వైపు నుంచే చూశానని శ్రీనివాస్ తర్వాత దాచకుండా ఒప్పుకున్నారు. (1970లో అమెరికాలో ఆయన పనిచేసే చోటుకు ఎవరో నిప్పు పెడితే ఆ ఊరి గురించి తయారుచేసుకున్న కాగితాలు కాలిపోయాయి. జ్ఞాపకం మీద ఆధారపడి మళ్ళీ రాశారు, 1976లో పుస్తకం వచ్చింది. చదువుతుంటే కాగితాలు కాలిపోవడమే మంచిదయిందేమో అనిపిస్తుంది, అందులో మనుషులు అంత బాగా కనిపిస్తారు.) తంజావూరు జిల్లాలో శ్రీపురం అనే మారుపేరుతో ఒక ఊరిని 1960ల్లో ఆంద్రే బేతే చదివారు. ఆయన ఉన్నది అగ్రహారంలో. అగ్రహారంలో ఉన్నవాడు దళితవాడకు ఇష్టం వచ్చినట్టు రాకపోకలు సాగించలేడు. ఆయన పుస్తకం మంచి పుస్తకమే. కానీ ఒక గడపలో కాలు పెట్టినందుకు ఇంకో గడప మూసుకుపోయింది. మనకు దగ్గరిది శామీర్‌పేట. ఉస్మానియాలో పనిచేసిన ఎస్.సి. దూబే ఆ ఊరి మీద 1955లో పుస్తకం వేశారు. ఒక్కడిగా కాకుండా జట్టుగా వెళ్ళి చదివారు. ఇవాళ ఆ శామీర్‌పేట హైదరాబాదు నగరంలో కలిసిపోతోంది. అక్కడి ముసలివాళ్ళ మనవళ్ళు ఆ పుస్తకం చదివారో లేదో!

ఇక మన సంగతి. గోండుల గురించి చదివేవాళ్ళు హైమన్‌డార్ఫ్ పేరు దాటి పోలేరు. వియన్నాలో పుట్టిన మనిషి. రెండో ప్రపంచయుద్ధం వచ్చినప్పుడు ఆయన దగ్గర జర్మన్ పాస్‌పోర్టు ఉండడంతో బ్రిటిష్ వాళ్ళు శత్రుదేశస్తుడిగా లెక్కగట్టారు. నిజాం రాజ్యం దాటి పోవడానికి వీల్లేదన్నారు. అలా ఇక్కడే ఉండి చెంచులను, కొండరెడ్లను, తర్వాత గోండులను చదివాడు. ఏ సంవత్సరాల్లో అన్నది ముఖ్యం. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీంను చంపారు. భూమి కోసం, అడవి కోసం గోండులూ కొలాంలూ ఎందుకు లేచారో తెలుసుకుని రమ్మని ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం ఈయనను పంపింది. ముందు తూటా వచ్చింది, వెనక ప్రశ్న వచ్చింది. సమాజశాస్త్రం, మానవశాస్త్రం మన గూడేలకు వచ్చిన వరస అది.

అయితే ఆయన వచ్చినవాళ్ళందరిలాంటివాడు కాదు. మార్లవాయిలో భార్య బెట్టీతో కలిసి గుడిసెలో కాపురం పెట్టాడు, గోండి నేర్చుకున్నాడు. సమస్య గోండుల స్వభావంలో లేదనీ, వాళ్ళ భూమి పోవడంలోనూ అటవీశాఖ, చిన్న ఉద్యోగుల వేధింపుల్లోనూ ఉందనీ ప్రభుత్వానికి రాశాడు. తర్వాత పట్టాలు వచ్చాయి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది, గోండి వాచకాలు తయారయ్యాయి. ఇవాళ ఏజెన్సీ బడిలో సుద్దముక్క పట్టుకున్న మాలాంటివాళ్ళం ఆ వరసలోని వాళ్ళమే. బెట్టీ 1987లో చనిపోయింది. ఆమె సమాధి మార్లవాయిలోనే ఉంది. ఊరివాళ్ళు ఏటా అక్కడ చేరి దండం పెట్టుకుంటారు. మా నాయనమ్మ గిన్నెలు లెక్కపెట్టినవాడి పేరు ఎవరికీ గుర్తు లేదు. ఇద్దరూ చేసింది అధ్యయనమే.

కానీ మేము యువకులతో మాట్లాడేటప్పుడు ఒక మాట కలుపుతాం. హైమన్‌డార్ఫ్ మన కథలు, మన సగల పుట్టుక, పెర్సాపెన్ పూజల వివరం అంతా రాశాడు. ఆ కథలు ఆయనకు ఎవరు చెప్పారు? చాలావరకు పర్ధాన్‌లు. కిక్రి వాయిస్తూ మన వంశాల కథ మనకు పాడి వినిపించేది వాళ్ళే. మన చరిత్ర వాళ్ళ గొంతులో ఉంది. ఆ పర్ధాన్ ఇంట్లో వండింది గోండు తినడని కూడా హైమన్‌డార్ఫ్ రాశాడు. ఈ రెండో సంగతిని మన సభల్లో ఎవరూ చదివి వినిపించరు. మనలో కులం లేదు, మనమంతా సమానం అని మైకులో చెబుతాం. బయటివాడు మన గురించి తప్పు రాస్తే కోపం వస్తుంది. ఒప్పు రాసినా అది ఇబ్బంది పెట్టేదైతే అప్పుడు ఏమీ ఎరగనట్టు ఉంటాం.

ఢిల్లీలోనూ బొంబాయిలోనూ మన గురించి వాదించుకున్న పెద్దల సంగతి ఎక్కువగా చెప్పం. ఘుర్యే అనే ఆచార్యుడు 1943లో ఆదివాసీలు వెనుకబడిన హిందువులే అన్నాడు. బైగాల మధ్య బతికిన వెరియర్ ఎల్విన్ వాళ్ళను వాళ్ళ అడవిలో వాళ్ళకు వదిలేసి కాపాడాలన్నాడు, తర్వాత కొంత మెత్తబడ్డాడు. ఇద్దరూ మనల్ని అడగలేదు. 1965లో లోకూర్ కమిటీ ఎవరు తెగ, ఎవరు కాదు అని తేల్చడానికి అయిదు గుర్తులు పెట్టింది. ఆదిమ లక్షణాలు, ప్రత్యేక సంస్కృతి, మారుమూల ఉండడం, బయటివాళ్ళతో కలవడానికి బిడియం, వెనుకబాటు. బిడియం! మా నాయనమ్మ జీపులో వచ్చినవాడిని పిల్లలెందరని అడిగింది. బిడియపడి ముఖం తిప్పుకున్నది ఆయన. అటవీ గార్డును చూసి మన వాళ్ళు పొదల చాటుకు పోయింది బిడియంతో కాదు, అనుభవంతో.

కాబట్టి మన గురించి మనమే రాసుకోవాలి అనే మాట సహజంగా వస్తుంది. వచ్చింది కూడా. అది సరైనదే, అవసరమైనదే. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నియమాలు చూడండి. గూడెం పెద్దల వాంగ్మూలం రాసి ఇస్తే సాక్ష్యం. పాత బావి, సమాధులు, పూజాస్థలం సాక్ష్యం. తాత ముత్తాతల వంశక్రమం సాక్ష్యం. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి ఆ భూమి మీద ఉన్నామని చూపడానికి కావలసింది కచ్చితంగా సమాజశాస్త్రం చేసే పనే: అడగడం, గీయడం, రాయడం. అకిపెన్ రాయి ఎక్కడుంది, పాత గూడెం ఏ సంవత్సరపు జ్వరాల్లో లేచిపోయింది, ఏ తాత ఎవరికి భూమి విడిచాడు, ఇవన్నీ చెప్పగల ముసలివాళ్ళు ఏటికేడు తగ్గిపోతున్నారు. డిగ్రీ చదివిన పిల్లలు సెలవుల్లో ఫోను పక్కన పెట్టి నాలుగు రోజులు వాళ్ళ పక్కన కూర్చుంటే గూడేనికి ఒక దస్తావేజు తయారవుతుంది.

ఇక్కడిదాకా మాకు ఏ సందేహమూ లేదు. సందేహం మన చేతికి పెన్ను వచ్చిన తర్వాత మొదలవుతుంది. (గోండిలో పెన్ అంటే దేవుడు. ఒకటో తరగతిలో ‘పెన్ను’ అని చెప్పినప్పుడల్లా పిల్లలు పకపక నవ్వుతారు. అది చేతికొస్తే మనిషి మారిపోతాడన్నది మాత్రం నిజం.)

2014 ఆగస్టు 19న తెలంగాణ అంతటా ఒకే రోజు సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. మాకూ కాగితాలిచ్చారు. మా సొంత మండలమే, తెలిసిన ముఖాలే. పొద్దున ఉత్సాహంగానే మొదలుపెట్టాం. మధ్యాహ్నానికి వాన, బురద, చేతి నొప్పి. చివరికి వాగు అవతల ఒక ఇల్లు మిగిలింది. ఒంటరిగా ఉండే కొలాం ముసలమ్మ ఇల్లు. పటేల్ వాకిట్లో కూర్చుని, ఆమె సంగతి పటేల్‌ను అడిగి కాగితం నింపాం. పశువులు లేవు, భూమి లేదు, అప్పు లేదు అని ఆయన చెప్పాడు, మేము రాశాం. కొన్ని నెలల తర్వాత ఒక సంతలో ఆమె ఎదురై, తన రెండు మేకలను అప్పు కింద షావుకారి తోలుకుపోయాడని చెప్పింది. మేము రాసిన కాగితంలో ఆ మేకలూ లేవు, ఆ అప్పూ లేదు. జీపులో వచ్చినవాడు కనీసం మా నాయనమ్మ ముందు నిలబడ్డాడు. మేము అది కూడా చేయలేదు. ఆమె భాష మాకు కొంత వచ్చు, ఆమె ఇంటి దారి వచ్చు, మేము ఆదివాసీలం. ఆ మూడూ ఉండి కూడా వాగు దాటలేదు.

రెండోది ఇంకా ఇబ్బందైన విషయం. మా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడు సమాజశాస్త్రంలో ఎం.ఏ. చేశాడు. ప్రాజెక్టు కోసం సొంత మండలంలోనే ఒక గూడేన్ని ఎంచుకున్నాడు. ఒక వానాకాలం ఆ గూడెంలో జ్వరాలు వచ్చి ఇద్దరు పసిపిల్లలు పోయారు. వాగు పొంగి అంబులెన్సు అవతలే ఆగిపోయిన రోజులవి. భర్త పోయిన ఒక ఆమె చేతబడి చేసిందన్న మాట పుట్టింది. బోరింగు దగ్గర నీళ్ళు పట్టనివ్వలేదు, నిప్పు ఇవ్వలేదు. ఆమె బిడ్డను తీసుకుని పుట్టింటికి పోయి ఏడాది ఉంది. వీడు అందరితో మాట్లాడి, తారీఖులన్నీ పక్కపక్కన పెట్టుకుంటే ఒక సంగతి బయటపడింది. ఆ మాట మొదట పుట్టింది ఆమె మరిది ఇంట్లో. అంతకు మూడు నెలల ముందే భర్త వాటా భూమి తన పేరున రాయమని ఆమె అడిగి ఉంది.

గూడెం కుర్రవాళ్ళకు ఇది తెలిసి కోపం వచ్చింది. బయటివాళ్ళు ఇప్పటికే మనల్ని మూఢులంటారు, నువ్వు కూడా వాళ్ళకు ఆయుధం ఇస్తావా అన్నారు. వాడు మా దగ్గరికి వచ్చి, “సార్, రాయాల్నా వద్దా?” అని అడిగాడు.

మేము చెప్పిన జవాబు ఇది: “దండారి గురించి రాయి. పండుగల గురించి రాయి. ఇది వదిలెయ్. ఊరు పరువు.”

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. “సార్, ఆమె వెనక్కి వచ్చి రెండేండ్లయింది. మీరు ఆ గూడెం బడికి రోజూ పోతరు. ఆమె ఇంటికి ఎన్నిసార్లు పోయిండ్రు?”

ఒక్కసారి కూడా పోలేదు. పటేల్ ఇంట్లో మాత్రం వారానికి రెండుసార్లు చాయ్ తాగుతాం. మేమూ ఒక పటేల్ మనవలమే. మా పుట్టుకే మాకు ఒక అగ్రహారం అయింది.

ఆ రాత్రి ఆలోచించాం. ఊరు పరువు అని మేమన్నప్పుడు, ఊరు అన్న మాటలో ఆమె ఉందా? లేదు. ఆమెను తీసేసి ఊరి పరువు లెక్కగట్టాం. మరి రాస్తే వచ్చే నష్టం నిజం కాదా? అదీ నిజమే. ‘ఆదివాసీ గూడెంలో చేతబడి అనుమానం’ అని పత్రికలో మూడు వరుసల వార్త వస్తే చదివేవాడికి వాగు కనిపించదు, రాని అంబులెన్సు కనిపించదు, భూమి వాటా కనిపించదు. మూఢత్వం ఒక్కటే కనిపిస్తుంది. అందుకని రాయకపోవడం జవాబు కాదు. ఆ మూడు వరుసలతో ఆగకపోవడం జవాబు అని మాకు తోచింది. దర్ఖైమ్ పనీ, మా హాజరు పట్టీ చెప్పిందీ అదే కదా. మనిషి మీద పడిన మచ్చను తీసి ఏర్పాటు మీదికి చూపు తిప్పడం. ఇంకొకటి కూడా ఉంది. రాసింది ఎవరి గురించో వాళ్ళకు చదివి వినిపించకుండా కాలేజీకి ఇవ్వకూడదు. వద్దు అని ఆమె అంటే వద్దే. పేరు మార్చినంత మాత్రాన చాలదు. రామపుర అన్నా శ్రీపురం అన్నా దూరపువాడికే మరుగు, పక్క గూడెంవాడు మొదటి పేజీలోనే పోల్చుకుంటాడు. ఆ పక్క గూడెంవాళ్ళ మధ్యనే ఆమె బతకాలి. మనిషి చెప్పిన గోడును మనం మార్కుల కోసం వాడుకునే ముందు ఆమె అనుమతి అడగడం పద్ధతి కోసం చేసే పని కాదు. ఆ గోడు ఆమెది.

మర్నాడు వాడికి ఈ మాట చెప్పి, మేమూ వెంట వెళ్ళాం. గూడెం చివర ఇల్లు. మమ్మల్ని చూసి ఆమె మొదట లోపలికి పోయింది. వాడు గడప బయటే నేల మీద కూర్చుని, “అక్కా, నీ గురించి రాసిన. తప్పుంటే చెప్పు, వద్దంటే చింపేస్త” అన్నాడు. తర్వాత గోండిలోకి మార్చుకుంటూ చదివాడు. ఆమె చేతిలో చాట ఉంది, జొన్నలు చెరుగుతూ వింటోంది. మరిది మాట వచ్చినప్పుడు చాట ఆగింది. భూమి వాటా దగ్గర ఎకరాల లెక్క తప్పు రాశాడు, దాన్ని సరిచేసింది. పిల్లలు పోయిన రోజుల గురించి చదివేటప్పుడు, ఆ ఇద్దరిలో ఒక పిల్లను తను ఎత్తుకు తిప్పేదాన్నని చెప్పింది. అది కాగితంలో లేదు. వాడు రాసుకున్నాడు.

‘గూడెం ఆమెను వెలివేసింది’ అన్న వాక్యం వచ్చింది. ఆమె చెయ్యెత్తి ఆపింది.

“గూడెం కాదు. ఆరిండ్లు. నీళ్ళు పట్టనీయంది ఆరిండ్లోళ్ళు. మిగిలినోళ్ళు చూసుకుంట ఊకున్నరు. అట్ల రాయి.”

వాడు ఆ వాక్యం కొట్టేసి, ఆమె చెప్పినట్టే రాశాడు. ఆ గూడెంలో ఇరవై ఆరు ఇండ్లు. బడిని కూడా కలిపి లెక్కపెట్టాడా అని మేము వాడిని అడగలేదు.